పన్నెండు రోజులకు ఒక్క దీవి చాలు

ఎండాకాలం ప్రయాణాల మీద నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఈసారి న్యూజిలాండ్‌లో కారు నడపడం గురించి అడిగినవి ఎంచుకున్నాం.

కావలి నుంచి: ఏప్రిల్‌లో నేను, నా భార్య, మా అమ్మ, అయిదేళ్ల పాప, తొమ్మిదేళ్ల బాబు కలిసి పన్నెండు రోజులకు న్యూజిలాండ్ పోతున్నాం. ఆక్లాండ్‌లో దిగి కారు తీసుకుని, రెండు దీవులూ చూసి, క్వీన్స్‌టౌన్‌లో విమానం ఎక్కాలని అనుకున్నాం. రెండు వేల కిలోమీటర్లకు మించదు. పొద్దున చెన్నై పోయి రాత్రికి ఇంటికొచ్చే అలవాటున్నవాణ్ణి. ఈ ప్లాను కుదురుతుందా?

కుదరదు. రెండు దీవుల మధ్య వెల్లింగ్టన్ నుంచి పిక్టన్‌కు ఫెర్రీ ఒక్కటే మూడున్నర గంటలు. గంట ముందే రేవులో ఉండాలి. కొన్ని బాడుగ కంపెనీలు కారును ఫెర్రీ ఎక్కించనివ్వవు కూడా. ఆ దాటడంతోనే ఒక రోజు పోయినట్టే. పైగా మన పదహారో నంబరు హైవేలాంటి రోడ్డు అక్కడ పెద్ద ఊళ్ల చుట్టుపక్కల తప్ప ఉండదు. జాతీయ రహదారి అన్నా అటొక వరస, ఇటొక వరస, కొండ మలుపులు. గంటకు వంద వేగం రాసుంటుంది కానీ సగటున డెబ్బై వస్తే గొప్ప. కాబట్టి కిలోమీటర్లు కాదు, గంటలు లెక్కేయండి.

దక్షిణ దీవి ఒక్కటే పెట్టుకోండి. చెన్నై నుంచి సింగపూర్ మీదుగా నేరుగా క్రైస్ట్‌చర్చ్‌లో దిగొచ్చు. రాత్రంతా విమానంలో కూర్చుని దిగుతారు, గడియారం మన కంటే ఆరున్నర, ఏడున్నర గంటలు ముందుంటుంది. ఆ రోజు కారు నడపకండి, ఊళ్లోనే పడుకోండి. కారు మర్నాడు పొద్దున తీసుకుంటే ఒక రోజు బాడుగ కూడా మిగులుతుంది.

మర్నాడు టెకాపో: 225 కిలోమీటర్లు, మూడు గంటలు. అక్కడ రెండు రాత్రులు. మధ్య రోజున మౌంట్ కుక్ పోయి రండి, ఒక్కో వైపు 105. తర్వాత లిండిస్ కనుమ మీదుగా క్వీన్స్‌టౌన్ 255, రెండు రాత్రులు. టె అనావు 170, రెండు రాత్రులు. అక్కణ్నుంచి మిల్‌ఫర్డ్ సౌండ్ (కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ) పోయి రావడం 240. వనాకా 230. అక్కణ్నుంచి హాస్ట్ కనుమ దాటి ఫ్రాంజ్ జోసెఫ్ 285. హోకిటికా 135. చివరగా ఆర్థర్స్ పాస్ మీదుగా క్రైస్ట్‌చర్చ్ 250. కూడి చూడండి, ఒక్క దీవికే మీరు చెప్పిన రెండు వేలు అయ్యాయి.

మిల్‌ఫర్డ్ రోజు గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, అందరూ దెబ్బతినేది అక్కడే. మ్యాపు రెండు గంటలంటుంది. లోయలో, అద్దాల్లాంటి చెరువుల దగ్గర ఆగుతూ పోతే మూడున్నర గంటలు. క్వీన్స్‌టౌన్ నుంచి పొద్దున పోయి రాత్రికి వచ్చేద్దాం అనుకునేవాళ్లు రోజులో ఎనిమిది తొమ్మిది గంటలు స్టీరింగ్ మీదే ఉంటారు. అందుకే టె అనావులో రెండు రాత్రులు పెట్టాం. అక్కడే ట్యాంకు నింపుకోండి, దారిలో బంకు దొరుకుతుందని నమ్ముకోవద్దు. ఫోను సిగ్నల్ కూడా ఉండదు, మ్యాపులు ముందే ఫోనులో దించుకోండి. హోమర్ సొరంగం ముందు ఎర్ర లైటు దగ్గర ఆగినప్పుడు కియా అనే కొండచిలుకలు వచ్చి కారు మీద వాలతాయి. ముద్దొస్తాయి గానీ కిటికీల రబ్బరు పట్టీలు, వైపర్లు పీకేస్తాయి. మేత వేయకండి.

మిల్‌ఫర్డ్‌లో ఏడాదికి ఆరు మీటర్లకు పైగా వాన పడుతుంది. నెల్లూరులో మీటరు అటూ ఇటూ. గట్టి వాన కురిస్తే కొండచరియలు జారి ఆ రోడ్డు, హాస్ట్ రోడ్డు మూసేస్తారు. రెండోది మూస్తే చుట్టుదారి వందల కిలోమీటర్లు. ఫ్రాంజ్ జోసెఫ్, హోకిటికా గదులు రద్దుచేసుకోగలిగే షరతు మీదే తీసుకోండి. ఇంకో సంగతి: ఏప్రిల్ మొదటి ఆదివారం అక్కడ గడియారం గంట వెనక్కి తిప్పుతారు. నెల మధ్యకొచ్చేసరికి సాయంత్రం ఆరున్నరకే చీకటి. ఆలోపు గమ్యం చేరేలా బయల్దేరండి. ఈస్టర్ సెలవులు మీ తేదీల్లో పడితే గదులు ముందుగా పట్టుకోకపోతే దొరకవు.

ఒంగోలు నుంచి: మన లైసెన్సు చెల్లుతుందా? ఇంటర్నేషనల్ పర్మిట్ తప్పనిసరా? కారు తీసుకునేటప్పుడు ఏం చూసుకోవాలి?

మన స్మార్ట్ కార్డు ఇంగ్లీషులో ఉంటుంది కనుక చట్టం ప్రకారం అదే చాలు. అయినా పర్మిట్ తీసుకోండి, కౌంటర్లో వాదన తప్పుతుంది. ఫారం 4ఎ, పాస్‌పోర్టు, వీసా నకళ్లతో ఆర్టీఓ ఆఫీసులో, పరివాహన్ సైట్ ద్వారా దరఖాస్తు పెట్టుకోవాలి. ఫీజు వెయ్యి రూపాయలు, గడువు ఏడాది. పర్మిట్ ఒక్కటే పట్టుకుపోతే చెల్లదు, అసలు కార్డు చేతిలో ఉండాలి. ఫోనులో చూపిస్తామంటే ఒప్పుకోరు.

డిపాజిట్‌కు నడిపేవారి పేరు మీదున్న క్రెడిట్ కార్డు అడుగుతారు. భార్య కార్డు, భర్త లైసెన్సు అంటే చాలాచోట్ల కారు ఇవ్వరు. ఇన్సూరెన్సులో ‘ఎక్సెస్’ ఎంతో చూడండి, దెబ్బ తగిలితే మన జేబులోంచి పోయేది అదే. టైర్లు, అద్దాలు, కారు అడుగుభాగం చాలా పాలసీల్లో రావు. క్వీన్స్‌టౌన్ దగ్గరి స్కిప్పర్స్ రోడ్డులో బాడుగ కార్లకు ఇన్సూరెన్సు వర్తించదు. తాళం తీసుకునే ముందు కారు చుట్టూ వీడియో తీసుకోండి. డీజిల్ బండైతే కిలోమీటరుకు ఇంత అని రోడ్డు పన్ను విడిగా వేస్తారు, బాడుగ పోల్చేటప్పుడు అదీ కలపండి. ఏడేళ్లలోపు పిల్లలకు చైల్డ్ సీటు తప్పనిసరి. కావలి వారు పాప కోసం బుకింగ్‌లోనే అడగాలి.

చీమకుర్తి నుంచి: గ్రానైట్ లారీల మధ్య ఇరవై ఏళ్లుగా కారు నడిపిన చేయి నాది. అక్కడా ఎడమ పక్కే కదా, కొత్తగా నేర్చుకోవాల్సింది ఏముంది?

చేయికి కాదు, అలవాటుకే పని ఉంది. మన దగ్గర లైటు కొడితే ‘నేనొస్తున్నా, ఆగు’ అని. అక్కడ ‘నువ్వు పో’ అనుకునేవాళ్లున్నారు. కొట్టకపోవడమే మేలు. స్టాప్ బోర్డు దగ్గర చక్రం పూర్తిగా ఆగాలి, రోడ్డు ఖాళీగా ఉన్నా సరే. రౌండెబౌట్‌లో కుడివైపు నుంచి వచ్చేవారికి దారివ్వాలి. మీ వైపు పసుపు గీత ఉంటే దాటి ఓవర్‌టేక్ చేయకూడదు. మలుపుల ముందు పసుపు బోర్డు మీద 35, 45 అని ఉంటే ఆ వేగానికి దిగండి, ఊరికే రాయలేదు.

పశ్చిమ తీరంలో ఒంటి వరస వంతెనలు చాలా. ఎర్ర అంచు గుండ్రటి బోర్డు మీద మీ వైపు బాణం చిన్నగా, ఎర్రగా ఉంటే ఆగి ఎదుటివారిని పోనివ్వాలి. నీలం బోర్డు మీద తెల్ల బాణం పెద్దగా ఉంటే ముందు మీరు. అప్పుడు కూడా ఎదురుగా ఎక్కేసినవాడుంటే ఆగాల్సిందే. వెనక నాలుగు కార్లు చేరితే పక్కన జాగా ఉన్నచోట ఆగి పంపించండి.

నెల్లూరు నుంచి: ఆవకాయ, నెయ్యి, మలైకాజా తీసుకుపోవచ్చా? మా అత్తగారు బయటి తిండి ముట్టరు.

తిండి ఏదైనా సరే ఆ దేశంలోకి వచ్చేవారు నింపే డిక్లరేషన్‌లో ‘ఉంది’ అని రాయండి. రాసి చూపిస్తే మహా అయితే తీసి పారేస్తారు. దాచి దొరికితే అక్కడికక్కడే 400 న్యూజిలాండ్ డాలర్ల జరిమానా. పాలు, నెయ్యి, గుడ్లు, మాంసం తగిలినవన్నీ చిక్కే, కాబట్టి మలైకాజా, నెయ్యి ఇంట్లోనే ఉంచండి. పచ్చి కరివేపాకు, తేనె అసలు వద్దు. ఆవకాయ సీలు వేసిన కంపెనీ ప్యాకెట్‌లో తీసుకుపోతే చూసేవారికి అర్థమవుతుంది. చెప్పులకు, బూట్లకు మట్టి లేకుండా కడగండి, అదీ చూస్తారు.

అత్తగారి కోసం వంటగది ఉన్న మోటెల్ గదులు తీసుకోండి, అక్కడ మామూలే. చిన్న రైస్ కుక్కర్ పెట్టుకోండి. కరెంటు మనలాగే 230 వోల్టులు, ప్లగ్గు మాత్రం ఏటవాలు పళ్లది, అడాప్టర్ కావాలి. బియ్యం, పప్పు క్రైస్ట్‌చర్చ్‌లోనే కొని డిక్కీలో వేసుకోండి, టెకాపోలో దొరికేది తక్కువ, ధర ఎక్కువ.

ఆత్మకూరు నుంచి: కారు మేలా, క్యాంపర్‌వ్యాన్ మేలా?

ఇద్దరే అయితే వ్యాన్. పెద్దవాళ్లుంటే కారు, రాత్రి టాయిలెట్‌కు నిచ్చెన దిగాల్సిన పని ఉండదు. వ్యానే తీసుకుంటే స్వయంసమృద్ధి ధ్రువీకరణ (నీళ్లు, టాయిలెట్, మురుగు ట్యాంకు వ్యాన్‌లోనే ఉన్నట్టు ఇచ్చేది) ఉన్నదే అడగండి, అది లేకపోతే ఉచిత క్యాంపింగ్ స్థలాల్లో చాలాచోట్ల ఆగనివ్వరు. మురుగు ట్యాంకును డంప్ స్టేషన్లలో ఖాళీ చేసుకోవాల్సింది మీరే.