ట్యూబులు మార్చమని ఇస్తే ట్రాన్స్‌ఫార్మర్ కాలింది, ఇప్పుడు యాంప్ తిరిగి ఇవ్వడం లేదు

ప్రశ్న: మాది తార్నాక. గిటార్ పాఠాలు చెబుతాను, ఆదివారాలు చర్చిలో, సీజన్‌లో పెళ్లి రిసెప్షన్లలో వాయిస్తాను. నా ట్యూబ్ యాంప్ (గిటార్ శబ్దాన్ని పెంచే పెట్టె) సౌండ్ మందగించి గరగరమంటుంటే, పవర్ ట్యూబులు రెండూ మార్చమని కోఠి వైపు ఒక రిపేరు షాపులో ఇచ్చాను. వాట్సాప్‌లో చెప్పిన 11,500 రూపాయలు కట్టాను. బిల్లు అడిగితే చిట్టీ రాసిచ్చారు. నాలుగో రోజు రిహార్సల్‌లో ఒక ట్యూబు లోపలి రేకు ఎర్రగా కాలి, మాడు వాసన వచ్చి యాంప్ ఆగిపోయింది. తీసుకెళ్తే ట్రాన్స్‌ఫార్మర్ పోయిందట, తమ తప్పేమీ లేదట, ఇంకో 18,000 కడితేనే యాంప్ ఇస్తారట. పాత ట్యూబులూ ఇవ్వలేదు. షాపులో ‘గ్యారంటీ లేదు’ అని బోర్డు ఉంది. ఏం చేయాలి?

జవాబు: ముందు ఆ 18,000 కట్టకండి. రిపేరు చేయమని కూడా చెప్పకండి. మీ కేసుకి అసలు సాక్ష్యం ఆ యాంప్ లోపల ఉంది. అదే షాపువాళ్లు మళ్లీ విప్పి సరిచేస్తే ఆ సాక్ష్యం పోతుంది.

యాంప్ పట్టుకుని కూర్చునే హక్కు వాళ్లకు ఉందా? 1872 కాంట్రాక్టు చట్టం 170వ సెక్షన్ ప్రకారం, చేసిన పనికి కూలి అందేవరకు రిపేరుదారు వస్తువును తన దగ్గరే ఉంచుకోవచ్చు. మీరు ట్యూబుల పనికి మొత్తం డబ్బు కట్టేశారు. ట్రాన్స్‌ఫార్మర్ పని మీరు ఒప్పుకోలేదు, వాళ్లు చేయనూ లేదు. చేయని పనికి ఈ హక్కు రాదు. తీసిన పాత ట్యూబులు కూడా మీ సొత్తే, అడగండి.

ఇక తప్పెవరిది అన్న మాట. పాత రేడియోల్లో వాల్వులు అనేవాళ్లం, అవే ఇవి. చాలా రేడియోల్లో పాతది ఊడదీసి కొత్తది పెడితే సరిపోయేది. కానీ ఫిక్స్‌డ్ బయస్ రకం గిటార్ యాంప్‌లో పవర్ ట్యూబులు మార్చాక బయస్, అంటే ట్యూబులో ఎంత కరెంటు పారాలో నిర్ణయించే అమరిక, కొలిచి సరిచేయాలి. రెండు ట్యూబులూ జత కుదిరినవి కావాలి. బయస్ తప్పితే ట్యూబులో కరెంటు హద్దు మీరి ప్లేటు, అంటే ఆ లోపలి రేకు, ఎర్రగా కాలుతుంది. మీరు చూసింది సరిగ్గా అదే. ఇంకో కీలకం ఫ్యూజు. ట్యూబు షార్టయితే ముందు ఫ్యూజు పోవాలి. అది పోకుండా ట్రాన్స్‌ఫార్మర్ కాలిందంటే, అక్కడ ఎంత ఆంపియర్ల ఫ్యూజు వేశారో చూడాలి. యాంప్ మీద రాసినదానికంటే పెద్దది ఉంటే మీ వాదనకు అంతకంటే బలం మరొకటి లేదు.

అయితే అవతలి వకీలు మిమ్మల్నీ అడుగుతాడు. స్పీకర్ తగిలించకుండా యాంప్ ఆన్ చేశారా? ఓమ్స్ (విద్యుత్ నిరోధం) సరిపోని స్పీకర్ క్యాబినెట్ వాడారా? ఇవి కూడా స్పీకర్‌ను నడిపే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌ను కాల్చగలవు. నిజం ఉన్నదున్నట్టు చెప్పండి. మీ యాంప్ బయస్ తనంతట తానే సర్దుకునే కాథోడ్ బయస్ రకమైతే, బయస్ సరిచేయలేదన్న వాదన నిలవదు. సేవలో లోపాన్ని రుజువు చేయాల్సిన భారం మీదే కాబట్టి, యాంప్ చేతికి రాగానే ట్యూబ్ యాంపులు తెలిసిన మరో టెక్నీషియన్ చేత విప్పించి, ఫోటోలు తీయించి, రాతపూర్వక అభిప్రాయం తీసుకోండి. వినియోగదారుల కమిషన్‌లో విచారణ ఎక్కువగా అఫిడవిట్లు, పత్రాల మీదే సాగుతుంది కనుక ఆయన అఫిడవిట్ ఇస్తే మరీ మంచిది. మీరు మాత్రం విప్పకండి. ప్లగ్ తీసేసినా లోపలి కెపాసిటర్లలో 400 వోల్టులు దాటి మిగిలి ఉండొచ్చు. ప్రాణం పోతుంది.

‘గ్యారంటీ లేదు’ బోర్డుకి భయపడకండి. ట్యూబు ఎన్నాళ్లు పనిచేస్తుందో హామీ ఇవ్వకపోవడం వేరు, పని అజాగ్రత్తగా చేయడం వేరు. మీ వస్తువు చేతిలో ఉన్నంతసేపు తగిన జాగ్రత్త తీసుకోవాలని కాంట్రాక్టు చట్టం 151వ సెక్షన్ చెబుతుంది. బిల్లు ఇవ్వకపోవడం కూడా 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద అనుచిత వ్యాపార పద్ధతే.

మీరు వాయించి సంపాదిస్తున్నారు కాబట్టి ‘వాణిజ్య అవసరం, వినియోగదారు కాదు’ అని వాళ్లు అనొచ్చు. సొంతంగా బతుకుదెరువు కోసం వాడేది వాణిజ్య అవసరం కాదని అదే చట్టంలో వివరణ ఉంది. మీలాంటి కళాకారులకు ఆ ఒక్క వాక్యం పెద్ద అండ.

యాంప్ తిరిగి ఇవ్వమని స్పీడ్ పోస్టులో నోటీసు పంపి 15 రోజులు గడువివ్వండి. దాంతోపాటే 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేయండి, చాలామంది షాపువాళ్లు అక్కడే దారికొస్తారని నా అనుభవం. కాకపోతే నాంపల్లిలోని జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లండి. మీరు ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు, వకీలు తప్పనిసరి కాదు. గడువు రెండేళ్లు. యాంప్ తిరిగి ఇవ్వడం, 11,500 వాపసు, ట్రాన్స్‌ఫార్మర్ మార్చే ఖర్చు, పోయిన ప్రోగ్రామ్‌లకు రుజువుంటే ఆ నష్టం, కొంత పరిహారం అడగండి. కోపంలో లక్షలు రాస్తే అసలు నష్టం మీద కూడా అనుమానం వస్తుంది.

వాట్సాప్ చాట్ డిలీట్ చేయకండి, ఫోను మార్చకండి. దాన్ని దాఖలు చేసేటప్పుడు 2023 భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి కావలసిన సర్టిఫికెట్ జతచేయండి. యాంప్ తెచ్చుకునే రోజు ఒక స్నేహితుడిని వెంట తీసుకెళ్లి, షాపు దాటకముందే వెనక ప్యానెల్, ట్యూబులు, ఫ్యూజు వీడియో తీయించండి. ఇంటికొచ్చాక ప్లగ్ పెట్టి చూడకండి.