ప్రోనోటులో చేరిన సున్నా

ప్రశ్న: నాన్నగారు 50,000 అప్పుకు రాసిచ్చిన ప్రోనోటు కోర్టుకు 5,00,000గా వచ్చింది. సిరా అంతా ఒకే నీలం. మోసం బయటపడుతుందా?
– ఓ పాఠకురాలు, తెనాలి

జవాబు: చాలాసార్లు బయటపడుతుందమ్మా. పత్రాల పరీక్షలో నేను ముందు చేసేది నోటును వీడియో స్పెక్ట్రల్ కంపారేటర్ (రకరకాల వెలుగుల్లో పత్రాన్ని కెమెరాతో చూపించే యంత్రం) కింద పెట్టడం. కంటికి ఒకేలా ఉన్న రెండు నీలాలు ఇన్‌ఫ్రారెడ్‌లో, అంటే కంటికి కనపడని ఒక రకం వెలుగులో, విడిపోవచ్చు. ఒక సిరా పూర్తిగా మాయమై ఉత్త కాగితం కనిపిస్తుంది, ఇంకోటి నల్లగా నిలబడుతుంది. నీలి-ఆకుపచ్చ వెలుగు వేసి ఇన్‌ఫ్రారెడ్ కెమెరాతో చూస్తే కొన్ని సిరాలు మెరుస్తాయి కూడా. అంకెల్లో చివరి సున్నా ఒక్కటే అలా మెరిస్తే ఇక చెప్పేదేముంది! కాగితానికి ఏ నష్టమూ ఉండదు.

రెండూ ఒకేలా కనిపిస్తే మాత్రం పెన్ను ఒకటేనని తేల్చలేం. ఎప్పుడు రాశారో ఈ ఫొటోలు చెప్పవు. ఒరిజినల్‌నే ల్యాబ్‌కు పంపమని లాయరుగారితో కోర్టును అడిగించండి. జిరాక్స్‌లో ఉండేది టోనరే (మెషీన్ పొడి), సిరా కాదు.