సూదుల పోటీ వద్దు తమ్ముడూ

తమ్ముడూ,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. ఛాతీ మధ్యలో ఉండే లింఫ్ గ్రంథుల బయాప్సీ గురించి, దానికి ఏ సూది మేలన్నదాని గురించి తెలుగులో రాయాలని నీకు అనిపించడమే నాకు పెద్ద సంతోషం, కానీ దీన్ని ఇలాగే బయటపెట్టకు. మొదటి పేరాలోనే 22 గేజ్ సూది 21 కన్నా లావని రాశావు. గేజ్ నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది, ముందు అది సరిచెయ్యి.

తర్వాత, పని ఎలా జరుగుతుందో చూపించు. రోగికి మత్తిచ్చి నోట్లోంచి ఈబస్ స్కోపు అనే సన్నటి గొట్టాన్ని శ్వాసనాళంలోకి దించుతారు, దాని కొసన అల్ట్రాసౌండ్ ఉంటుంది కాబట్టి గోడకి అవతలున్న గ్రంథీ, అందులో దిగుతున్న సూది మొనా రెండూ తెరమీద కనిపిస్తూనే ఉంటాయి. సూదిలోని స్టైలెట్ అనే సన్నటి తీగ తీసేసి, వెనక సిరంజి తగిలించి పీలుస్తూ, గ్రంథిలోనే పది పదిహేనుసార్లు ముందుకీ వెనక్కీ ఆడిస్తారు. కొందరు సిరంజే పెట్టరు, స్టైలెట్‌ని మెల్లగా లాగుతూ పోతారు, ఆ కాస్త పీల్పు చాలు. రక్తం బాగా ఊరే గ్రంథిలో సిరంజితో గట్టిగా లాగితే స్లైడంతా ఎర్రబడి, చూడాల్సిన కణాలు అందులో మునిగిపోతాయి.

మరి ఏది మేలు? 21 అయినా 22 అయినా, సిరంజి పెట్టినా పెట్టకపోయినా ఫర్వాలేదని అమెరికా ఛాతీ వైద్యుల 2016 మార్గదర్శకాలే చెప్పాయి. నీకిది చప్పగా అనిపించి చివర్లో ఒక్క ముక్కలో తేల్చేశావు. నా మాట విని దాన్ని పైకి తీసుకురా, ఎందుకంటే ఫలానా సూది లేని ఆసుపత్రికి వెళ్లామేమోనని టెన్షన్ పడే మనిషికి అంతకన్నా ధైర్యమిచ్చే మాట లేదు.

అసలు తేడా వచ్చేది డాక్టరు దేనికోసం వెతుకుతున్నారన్న దగ్గర. ఊపిరితిత్తుల క్యాన్సర్ అనుమానమైతే, స్లైడును అక్కడికక్కడే చూసే పాథాలజిస్టు లేనప్పుడు ఒక్కో గ్రంథిలో కనీసం మూడుసార్లు సూది దింపమంటారు, పైగా జన్యు పరీక్షలకీ సరిపడా శాంపిల్ మిగలాలి. లింఫోమా, అంటే లింఫ్ గ్రంథుల్లోనే పుట్టే క్యాన్సర్ అయితే విడివిడి కణాలు చాలకపోవచ్చు, కణజాలం అమరిక కూడా కనిపించాలి, అందుకే లావుపాటి 19 గేజ్ ప్రస్తావన వస్తుంది. ఇక టీబీ, దాన్నే పోలి ఉండే సార్కాయిడోసిస్ అనే వాపు జబ్బు. రెండింట్లోనూ గ్రాన్యులోమాలే, అంటే వాపు కణాల చిన్న ముద్దలే కనిపిస్తాయి. మన దగ్గర టీబీ ఎంత ఎక్కువో నీకు తెలుసు, అలాంటిచోట శాంపిల్ మొత్తం ఫార్మలిన్ అనే నిల్వ ద్రవంలో వేసేస్తే కల్చర్‌కి, అంటే ల్యాబులో క్రిమిని పెంచి చూసే పరీక్షకి పనికిరాదు, కొంత సెలైన్‌లో విడిగా పంపాలి. సూది సైజు మీద నువ్వు పెట్టిన పేజీల్లో సగం దీనికివ్వు, నిజంగా.

ఒక పేరా నెగెటివ్ రిపోర్టు మీద కూడా ఉండాలి. సూదికి ఏమీ దొరకలేదంటే జబ్బు లేదని కాదు, అనుమానం బలంగా ఉంటే మళ్లీ చేయాలి, లేదా మెడ కింద చిన్న కోత పెట్టి, స్కోపుతో ఛాతీ మధ్యలోకి చూసి గ్రంథి ముక్క తీసే మీడియాస్టినోస్కోపీ చేయాల్సి రావచ్చు. ఆ పేరా రాసి పంపు, మళ్లీ చదువుతాను.