పిల్ల బరువెంత?

మీరడిగింది: "పెళ్ళయి ఆరేళ్ళయింది, మూడేళ్ళ బాబు ఉన్నాడు. కుటుంబానికే కట్టుబడి ఉండటం వల్ల నా వ్యక్తిగత ఎదుగుదల ఆగిపోయిందనిపిస్తోంది. తండ్రులైనవాళ్ళు ఈ రెంటినీ ఎలా బ్యాలెన్స్ చేసుకుంటున్నారు?"

ముందే చెప్పేస్తున్నా, ఈ బ్యాలెన్స్ అనే మాటంటే నాకు ఒళ్ళుమంట. వినగానే త్రాసు కళ్ళముందు ఆడుతుంది. ఒక పళ్ళెంలో పెళ్ళాంబిడ్డలు, రెండో పళ్ళెంలో మన ఎదుగుదల. అటు గ్రాము పెరిగితే ఇటు గ్రాము తగ్గాలి. నేనూ చాలాకాలం ఇదే లెక్కలో ఉన్నాను. ఆ లెక్క తప్పని తెలిసింది ఓ అర్ధరాత్రి, ఒంటి బరువు చూసుకునే మిషన్ మీద.

మా అమ్మాయికిప్పుడు తొమ్మిదేళ్ళు. ఇది దానికి రెండున్నరేళ్ళప్పటి సంగతి. అప్పట్లో నా ఎదుగుదల మహా జోరుగా సాగుతోంది. పొద్దున ఐదింటికి లేవడం, ఇరవై నిమిషాలు ధ్యానం, పది పేజీలు చదవడం, నాలుగు కిలోమీటర్ల నడక, ఆపైన బరువు చూసుకుని ఫోన్‌లో ఎక్కించడం. ఒక్కరోజు తప్పేది కాదు. పిల్ల రాత్రి మూడుసార్లు లేచినా నాకు మెలకువ వచ్చేది కాదు. వచ్చినా రానట్టే పడుకునేవాణ్ణి, ఐదింటికి లేవాలి కదా మరి! ఈ ఐదింటికి లేవమని వీడియోలు చేసే మహానుభావుల్ని ఒక్కటే అడగాలని ఉంది. మీరు సూర్యుడికి ఎదురుగా కళ్ళు మూసుకుని కూర్చున్నప్పుడు, లోపలిగదిలో పక్క తడిపిన పిల్లాడికి బట్టలు మారుస్తున్నదెవరండీ? ఆ మనిషి వీడియోలో ఎప్పుడూ కనబడదు.

సరే, అసలు సంగతికొస్తా. ఆ వారం మా ఆవిడ ఆఫీసు పనిమీద వేరే ఊరెళ్ళింది. ఆ రాత్రి తిరుగు విమానంలో ఉంది, ఫోన్ కలవదు. పన్నెండున్నరకి పిల్ల మూలుగుతుంటే లేచాను. చెయ్యి వేసి చూస్తే ఒళ్ళు పెనంలా కాలిపోతోంది. థర్మామీటర్ ఎక్కడుంటుందో తెలియదు. మూడు సొరుగులు నేలమీద గుమ్మరించాక నాలుగోదాంట్లో దొరికింది. 102.8. మందుల డబ్బాలో పారాసిటమాల్ సిరప్ సీసాలు రెండున్నాయి. ఒకదాని మీద 5 మి.లీ.లో 120 మి.గ్రా. అని, ఇంకోదాని మీద 250 మి.గ్రా. అని ఉంది. రెండూ ఒకే మందు, ఒకే రంగు, కానీ ఒకటి రెండోదానికి రెట్టింపు కంటే ఎక్కువ. నాకప్పటిదాకా సిరప్ అంటే సిరప్పే, పిల్లలకి ఒక చెంచా.

మాకు తెలిసిన డాక్టరమ్మకి ఫోన్ చేశాను. నిద్రలోంచి లేచింది కూడా, విసుక్కోలేదు పాపం. "నీళ్ళు తాగుతోందా? మూత్రం పోసిందా? పిలిస్తే పలుకుతోందా?" అని వరసగా అడిగింది. వాటికి జవాబు చెప్పగలిగాను.

"బరువెంత?"

"డెబ్భై ఒకటి పాయింట్ మూడు."

అవతల కాసేపు చప్పుడు లేదు. "మీది కాదండీ, పాపది."

కారు టైర్లలో ఎంత గాలి ఉండాలో నాకు తెలుసు. ఇంటి అప్పు ఇంకా ఎన్ని వాయిదాలుందో తెలుసు. పిల్ల బరువు తెలియదు. "ఆ వయసుకి ఎంతుండాలో అంతే ఉంటుందండీ" అన్నాను కూడా, సిగ్గులేకుండా. "అలా కాదు, ఈ మందు వయసుని బట్టి కంటే బరువుని బట్టి ఇస్తేనే మంచిది, కిలోకి పదిహేను మిల్లీగ్రాముల లెక్క. ఇంట్లో బరువు చూసుకునే మిషన్ ఉందా? పిల్లని ఎత్తుకుని ఎక్కండి" అంది.

ఎత్తుకుని ఎక్కాను. మామూలుగా అయితే తర్వాత పిల్లని దించి, మనం ఒక్కళ్ళమే ఎక్కి తేడా చూడాలి. అది దిగితేనా! రెండు చేతులూ మెడ చుట్టూ బిగించేసి, కాలిపోతున్న బుగ్గ నా మెడకి ఆనించి, "అమ్మేదీ, అమ్మేదీ" అంటోంది. ఆ ఊపిరి వేడిగా కాలర్ లోపలికి తగులుతోంది. పిల్ల అడ్డం ఉంటే కిందనున్న అంకె కనబడదు, మెడ పక్కకి వంచి దాని వీపు మీదుగా మూడుసార్లు చూస్తేగానీ చదవలేకపోయాను. 83.7. అందులోంచి నా 71.3 తీసేస్తే 12.4. నా బరువు నాకు పాయింటుతో సహా కంఠతా వచ్చు గనక పిల్లని దించే పనే లేకపోయింది. ఏడాదిన్నరగా నేను సాధించిన ఎదుగుదల అక్కరకొచ్చింది మొత్తానికి ఆ ఒక్క రాత్రే.

250 సీసాలోంచి మూడున్నర మి.లీ. పట్టమంది డాక్టరమ్మ. వంటింటి చెంచాతో కాదు, ఒక్కో చెంచా ఒక్కో కొలత ఉంటుంది, సీసాతో వచ్చిన గొట్టంతోనే అని మరీ మరీ చెప్పింది. ఆరుగంటల దాకా మళ్ళీ ఇవ్వొద్దంది. నా మానాన నేను చెంచాడు పోసేసి ఉంటే ఏమయ్యేదో అని ఇప్పటికీ అప్పుడప్పుడు లెక్కేసుకుంటుంటాను.

పొద్దున విమానం దిగి మా ఆవిడ ఫోన్ చేసింది. జ్వరం సంగతీ, నా తెలివితేటలూ రెండూ చెప్పాను. "12.4 ఏంటి, 11.6 కదా. పోయిన నెల డాక్టరు దగ్గర చూశారు" అంది. కాసేపు ఆలోచించి, నవ్వాపుకుంటూ, "నీ బరువు నువ్వు పొద్దున్నే ఖాళీ కడుపుతో చూసుకుంటావు. రాత్రి భోంచేసి, బట్టలతో ఎక్కావు. నీ భోజనం కూడా పిల్ల లెక్కలో వేసేశావు" అంది.

అంతకుముందు ఎవరడిగినా "ఇంటిపనుల్లో మా ఆవిడకి బాగా హెల్ప్ చేస్తానండీ" అని ఛాతీ విరుచుకుని చెప్పేవాణ్ణి. హెల్ప్ చేసేవాడు అడిగింది అందిస్తాడు. ఏది అయిపోయింది, ఏది ఎప్పుడు కావాలి, ఏ సీసా పాతబడింది, ఇవన్నీ గుర్తుపెట్టుకునే పని అవతలి మనిషిదే. నన్నడిగితే అసలు పని ఆ గుర్తుపెట్టుకోవడమే, మిగతాదంతా చేతుల కదలిక. సిరప్ పట్టడానికి రెండు నిమిషాలు చాలు. బరువు పెరిగింది గనక పాత కొలత ఇక పనికిరాదని తెలిసి ఉండటానికి నెలలు పడుతుంది. కాదనేవాళ్ళు ఓ వారం ప్రయత్నించి, అప్పుడొచ్చి నాతో వాదించండి.

ఆ నెలలోనే పిల్ల ఆరోగ్యం మొత్తం నాదని ప్రకటించాను. టీకాల కార్డు, మందుల డబ్బా, డాక్టరు అపాయింట్‌మెంట్లు, అన్నీ. మా ఆవిడ మొదట నమ్మలేదు. నేను మందు కొలుస్తుంటే భుజం మీంచి తొంగిచూసేది. నాకు చిర్రెత్తుకొచ్చేది. ఐదు నెలలకి ఫ్లూ టీకా తేదీ మర్చిపోయాను. అది ఏటా వేయించాల్సిందే, పోయినేడు వేయించింది ఈ ఏటికి సరిపోదు. ఆవిడకి తేదీ గుర్తుంది, కావాలనే చెప్పలేదట. రెండురోజులు మాటల్లేవు. ఇప్పటికీ ఆ గొడవలో న్యాయం నావైపే ఉందని నా అభిప్రాయం. కాకపోతే ఆ తర్వాత నేను ఒక్క తేదీ మర్చిపోలేదు, ఆవిడ తొంగిచూడటమూ మానేసింది.

ఈలోగా నాకు అబ్బిన చదువు ఆ పది పేజీల్లో ఎన్నడూ దొరకలేదు. మూడు నెలల్లోపు పసికందుకి 100.4 వచ్చిందంటే ఇంట్లో వైద్యాలు పెట్టకూడదు, వెంటనే డాక్టరు దగ్గరికి పరుగెత్తాల్సిందే. కాస్త పెద్ద పిల్లలకి అంకె కంటే పిల్ల తీరు చూడాలి, అందుకే ఆ రాత్రి డాక్టరమ్మ ముందు నీళ్ళ సంగతి అడిగింది. జ్వరం మందు ఒంటికి కాస్త హాయినిస్తుందే తప్ప లోపలున్న జబ్బుని తగ్గించదు. ఐదింటికి లేవడం పోయింది. ధ్యానం పోయింది. ఆఫీసులో మాత్రం ఎవరైనా "అంతా బాగానే ఉంది సార్" అంటే "ఎంత?" అని అడగడం అలవాటైంది. "ఆ వయసుకి ఎంతుండాలో అంతే" లాంటి జవాబులు వింటే ఇట్టే పట్టేస్తాను, నేనూ చెప్పినవాణ్ణే కదా.

లోకం మాత్రం మారలేదు. బడి ఫారంలో మొదటి నంబరు నాది. పిల్లకి కడుపునొప్పంటే వాళ్ళు చేసేది వాళ్ళమ్మకే. ఆవిడ మీటింగ్ మధ్యలోంచి నాకు చేస్తుంది, నేను బయల్దేరతాను. నాలుగుసార్లు వెళ్ళి చెప్పొచ్చాను. "ఓహో, మీరే చూసుకుంటారా సార్, గ్రేట్!" అని మెచ్చుకుని ఐదోసారీ ఆవిడకే చేశారు. ఆ "గ్రేట్" ఇంకా చిరాకు. అదే పని మా ఆవిడ రెండున్నరేళ్ళు చేస్తే ఒక్కరూ ఆ మాట అన్న పాపాన పోలేదు.

మీ ప్రశ్నకి జవాబు చెప్పకుండా నా గోడు వెళ్ళబోసుకున్నానంటారేమో. మీరు రాసిన మూడు వాక్యాల్లో బాబు గురించి ఉన్నది వాడి వయసొక్కటే, అది చూసి ఇదంతా గుర్తొచ్చింది. మీవాడి పనుల్లో ఏదో ఒకటి పూర్తిగా మీ మీద వేసుకోండి, చెప్పులయినా సరే. పాతవి బిగుతయ్యాయని మీకు ఎవరో చెప్పకముందే తెలియాలి, అదొక్కటే షరతు.

ఇది టైప్ చేస్తుంటే మా అమ్మాయి వెనక నిలబడి మొత్తం చదివింది. ఇప్పుడు తన బరువెంతో మాత్రం రాయొద్దని ఆర్డరు. తెలుసు, రాయను.