వేళ్ల బూట్లతో పరుగు: మీగాలి నొప్పిని తేలిగ్గా తీసుకోవద్దు

ప్రశ్న: నా వయసు 34. మాది కావలి. రెండేళ్లుగా మామూలు రన్నింగ్ షూతో రోజూ ఐదు కిలోమీటర్లు పరిగెడుతున్నాను. వట్టి కాళ్ల పరుగు మంచిదని విని, ఒక్కో వేలికి ఒక్కో తొడుగు ఉండే పల్చటి బూట్లు ఆన్‌లైన్‌లో తెప్పించుకుని అదే దూరం పరిగెత్తాను. వారానికే పిక్కలు పట్టేశాయి. మూడో వారం నుంచి కుడి మీగాలి మీద ఒకచోట నొప్పి, కాస్త వాపు. ఈ బూట్లు మానేయాలా? మా నాన్నగారికి పదిహేనేళ్లుగా షుగర్. ఆయన నడకకు ఇవి వాడొచ్చా?

డాక్టర్ సలహా: బూట్ల సంగతి తర్వాత, ముందు పరుగు ఆపండి. కొత్తగా మొదలుపెట్టినవాళ్లకు పిక్కలు పట్టేయడం మామూలే, విశ్రాంతితో సర్దుకుంటుంది. మీగాలి మీద ఒకేచోట నొప్పి, పైగా వాపు అన్నారే, దాన్ని మాత్రం వదిలేయకూడదు. రెండో, మూడో వేళ్ల వెనక ఉండే పొడవాటి ఎముకల వెంబడి చూపుడువేలి కొనతో మెల్లగా నొక్కుతూ రండి. ఒక్క చోట ప్రాణం లేచొచ్చినట్టుండి, దాని పక్కన ఏమీ లేకపోతే ఎముకలో సన్నటి పగులు, అంటే స్ట్రెస్ ఫ్రాక్చర్ ఉందేమోనని అనుమానించాలి. ఒంటికాలి మీద గెంతి పరీక్షించుకోకండి.

ఈ వారంలోనే ఎముకల డాక్టర్‌కు చూపించుకోండి. ఒక మాట గుర్తుంచుకోండి. ఈ పగులు మొదటి రెండు మూడు వారాలు ఎక్స్‌రేలో చాలామందికి కనిపించదు. ‘ఎక్స్‌రే బాగానే ఉంది కదా’ అని మళ్లీ పరుగందుకుని, సన్నటి గీతతో పోయేదాన్ని పూర్తిగా విరగ్గొట్టుకునేవాళ్లు ఉంటారు. నొప్పి పోకపోతే ఎమ్మారై తీయించాలి, లేదా రెండు మూడు వారాలాగి మళ్లీ ఎక్స్‌రే తీయాలి. పగులని తేలితే సాధారణంగా ఆరు నుంచి ఎనిమిది వారాలు పరుగు బంద్. అడుగు వంగని గట్టి బూటు వేసుకుని నడవాలి. విటమిన్ డి కూడా చూపించుకోండి. నొప్పి మాత్ర వేసుకుని పరిగెత్తడం మాత్రం వద్దే వద్దు. చిటికెనవేలి వైపు ఎముక మొదట్లోనో, చీలమండకు కాస్త ముందు మీగాలు ఎత్తుగా ఉండేచోటో నొప్పి ఉంటే అసలు ఆలస్యం చేయొద్దు. అక్కడి ఎముకలు ఓ పట్టాన అతకవు.

ఎందుకిలా జరిగిందంటే, మామూలు రన్నింగ్ షూలో చాలావాటికి మడమ భాగం ముందుభాగం కంటే 8 నుంచి 12 మిల్లీమీటర్లు ఎత్తుగా ఉంటుంది. వేళ్ల బూట్లలో రెండూ ఒకే మట్టం. మడమ కింద మెత్త లేకపోయేసరికి చాలామంది పాదం ముందుభాగం మీద దిగడం మొదలుపెడతారు. దాంతో మోకాలి మీద పడే భారం కొంత తగ్గి పిక్కలకు, మడమ వెనకుండే ఎకిలిస్ టెండన్‌కు, మీగాలి ఎముకలకు మారుతుంది. కండ కొన్ని వారాల్లో బలం పుంజుకుంటుంది. టెండన్‌కు, ఎముకకు నెలలు కావాలి. కొత్త భారం పడ్డ ఎముక ముందు పాత భాగాన్ని కరిగించుకుని, ఆ తర్వాతే కొత్తది కట్టుకుంటుంది. ఆ మధ్య వారాల్లోనే అది బలహీనంగా ఉంటుంది, మీకు నొప్పి మొదలైందీ అప్పుడే. 2013లో ప్రచురితమైన ఒక అమెరికా పరిశోధనలో పది వారాల్లో ఈ బూట్లకు మారిన 19 మందిలో 10 మందికి పాదం ఎముకల మజ్జలో నీరు చేరడం (ఎముక మీద భారం ఎక్కువైందనడానికి గుర్తు) పెరిగినట్టు ఎమ్మారైలో కనిపించింది.

1960 రోమ్ ఒలింపిక్స్‌లో ఇథియోపియా పరుగువీరుడు అబెబె బికిలా వట్టి కాళ్లతో మారథాన్ గెలిచారని చాలామంది చెబుతారు. నిజమే. 1964లో టోక్యోలో బూట్లు వేసుకునీ ఆయనే గెలిచారు. ఈ బూట్లు విషమూ కావు, మందూ కావు. పాదాల కండరాలను బలపరుస్తాయంటూ చేసిన ప్రచారంపై అమెరికాలో కేసు నడిచి, వీటిని తయారుచేసే వైబ్రమ్ కంపెనీ 2014లో 37.5 లక్షల డాలర్లకు రాజీ చేసుకుంది.

ఎముక అతికి, డాక్టర్ సరేనన్నాక మళ్లీ వాడాలనుకుంటే మొదటి మూడు వారాలు ఇంట్లోనూ, 20 నిమిషాల నడకకూ మాత్రమే వేసుకోండి. ఈలోగా మెట్టు అంచున నిలబడి మడమలు మెల్లగా ఎత్తి దించండి. మొదట రెండు కాళ్లతో, తర్వాత ఒంటికాలితో. ఒంటికాలితో ఆగకుండా 20 సార్లు నొప్పి లేకుండా చేయగలిగేదాకా వీటితో పరుగు వద్దు. ఆ తర్వాత రోజు విడిచి రోజు, ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక చొప్పున పది నిమిషాలు చాలు. మిగతా దూరం పాత షూతోనే. వారానికి పదో వంతుకు మించి పెంచొద్దు. పొద్దున మంచం దిగగానే వేసే మొదటి అడుగులకు మడమో మీగాలో నొప్పెడితే ఆ వారం దూరం పెంచొద్దు. అడుగులు చిన్నగా, త్వరత్వరగా వేయండి. మునివేళ్ల మీదే పరిగెత్తకండి. ముందుభాగం ఆనాక మడమ కూడా నేలను తాకాలి.

తుమ్మలపెంట బీచ్ పొడి ఇసుకలో మడమ దిగబడి ఎకిలిస్ టెండన్ మరింత సాగుతుంది. తడి ఇసుక గట్టిగా ఉన్నా సముద్రం వైపు వాలు, ఒక కాలి మీదే భారం పడుతుంది. మొదట్లో స్కూలు గ్రౌండ్ మట్టి నేలే మేలు. రోడ్డు పక్క చిల్లకంప ముల్లు ఈ పల్చటి అడుగులోంచి సులువుగా దిగుతుంది. గుచ్చుకుంటే ముక్క లోపల మిగలకుండా తీయించి, టీటీ ఇంజెక్షన్ గురించి అడగండి. మన తీరం ఉక్కపోతకు వేళ్ల సందుల్లో చెమట నిలిచి పాచిపోతుంది. విడిగా వేళ్లున్న సాక్సులు వాడి, బూట్లు ఉతికి నీడన ఆరేసి, పూర్తిగా ఆరాకే వేసుకోండి.

నాన్నగారికి మాత్రం ఇవి వద్దు. పదిహేనేళ్ల షుగర్‌లో పాదాల స్పర్శ మనకు తెలియకుండానే తగ్గి ఉండొచ్చు. ముల్లు దిగినా, ఎండకు కాగిన రోడ్డు కాల్చినా ఆయనకు తెలియకపోవచ్చు. ఏడాదికోసారి మోనోఫిలమెంట్‌తో, అంటే సన్నటి నైలాన్ పోగుతో చేసే పాదాల స్పర్శ పరీక్ష చేయించండి. వేళ్ల దగ్గర వెడల్పుగా, లోపల కుట్లు గుచ్చుకోకుండా ఉండే మూసిన బూట్లు కొనివ్వండి. తొడిగేముందు లోపల చెయ్యి పెట్టి చూడమనండి. రాత్రి పడుకునేముందు అరికాళ్లు, వేళ్ల సందులు మీరే చూడండి. చిన్న బొబ్బ కనిపించినా ఇంట్లో సూదితో పొడవకుండా మర్నాడే డాక్టర్ దగ్గరకు తీసుకెళ్లండి.