ప్రొద్దుటూరు డ్యూటీకి ఎలక్ట్రిక్ కారా, పెట్రోల్ కారా?

అన్నా, కడప నుంచి ప్రొద్దుటూరుకు రోజూ పోయి రావాలి, ఎలక్ట్రిక్ కారుకు నాలుగు లక్షలు ఎక్కువ పెట్టొచ్చా అని అడిగారు కదా. మీ తిరుగుడుకు పెట్టొచ్చు.

రానుపోను 100 కిలోమీటర్లు దాటుతుంది. లీటరుకు 15 ఇచ్చే పెట్రోల్ కారుకు కిలోమీటరుకు ఏడు రూపాయల పైనే. ఇంట్లో ఛార్జింగ్ పెడితే రూపాయి, రూపాయింబావు. ఏడాదికి 30,000 కిలోమీటర్లు తిరిగితే లక్షన్నర పైన మిగులుతుంది, మూడేళ్లలోపే తేడా తీరిపోతుంది. ఆదివారం గుడికి మాత్రమే కారు తీసేవాళ్లయితే పెట్రోలే మేలనేవాణ్ణి.

బ్యాటరీ టెన్షన్ వద్దు, చాలా కంపెనీలు 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఇస్తున్నాయి. మన ఎండలకు నీడలో పెట్టండి, రోజూ 80 శాతం దాకా ఎక్కిస్తే చాలు.

పొగ సంగతంటారా, రాత్రి ఛార్జింగ్ అంటే ఎక్కువగా ముద్దనూరు లాంటి చోట్ల కరెంటు కోసం కాల్చే బొగ్గే. అయినా లీటరు పెట్రోలు కాలితే 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, అదే దూరానికి ఎలక్ట్రిక్ కారు లెక్క దానికన్నా తక్కువే. మేడ మీద సోలార్ ఉంటే సెలవు రోజు పగలే పెట్టుకోండి.