చేత్తో పళ్ళ గార తీసేటప్పుడు సగం ఎందుకు మిగిలిపోతుంది?

డెంటల్ హైజీనిస్ట్ కోర్సు చేస్తున్నానని, హ్యాండ్ స్కేలర్‌తో ఎంత గీకినా గార సగం అక్కడే ఉంటోందని, సాయంత్రానికి మణికట్టు లాగేస్తోందని, ఇంకా గట్టిగా గీకాలా అని అడిగారు. దయచేసి గట్టిగా గీకొద్దు. నేర్చుకునే రోజుల్లో నేను చేసిన తప్పు అదే.

అప్పుడు కుర్చీలో ఒక పెద్దాయన ఉన్నారు. కింది ముందు పళ్ళ లోపలి వైపంతా గార. నాలుక కింద లాలాజలం ఊరేది అక్కడే కాబట్టి పాచి తొందరగా గట్టిపడుతుంది. ఆయనకి నాలుగు పళ్ళూ కలిపి గోడ కట్టేసింది. అరగంట గీకాను. చూడ్డానికి శుభ్రంగానే ఉంది. మాకు నేర్పే మేడమ్ ఎక్స్‌ప్లోరర్ (తడిమి చూసే సన్న మొన పరికరం) తీసుకుని చిగురు అంచు కింద నెమ్మదిగా తిప్పి, "పోలేదమ్మా, నున్నగా అయిందంతే" అన్నారు. మొద్దు బ్లేడ్‌తో పైపైన గీకితే జరిగేది ఇదే. అలా నున్నబడిన గారని తర్వాత తీయడం చాలా కష్టం. బ్లేడ్‌కి పట్టు దొరకదు, ఎక్స్‌ప్లోరర్‌కి కూడా సరిగ్గా తగలదు.

అందుకే ముందు పదును చూసుకోండి. ప్లాస్టిక్ టెస్ట్ స్టిక్ మీద ఆనిస్తే బ్లేడ్ పట్టుకోవాలి, జారితే మొద్దుబారినట్టే. లైటు కింద అంచు తెల్లటి గీతలా మెరిసినా అంతే. రాయి మీద పదును పెట్టేటప్పుడు రాయికీ బ్లేడ్ ముఖానికీ మధ్య 100 నుంచి 110 డిగ్రీలు ఉంచండి. పదును పెట్టాక మళ్ళీ ఆటోక్లేవ్ చేయాలి, అంటే ఆవిరితో క్రిములు చంపాలి, పేషెంట్లు ఎక్కువగా ఉన్న రోజు కూడా.

తర్వాత కోణం. క్యూరెట్‌ని, అంటే చిగురు కింద గీకే గుండ్రటి మొన పరికరాన్ని, చిగురు కిందికి దించేటప్పుడు బ్లేడ్ ముఖం పంటికి దాదాపు అతుక్కుని ఉండాలి. గార అడుగుకి చేరాక బ్లేడ్ ముఖాన్ని పంటి నుంచి తెరవండి, 45 డిగ్రీలకు పైన, 90కి లోపు. 45 కన్నా తగ్గితే గార మీద జారిపోతుంది, 90 దాటితే చిగురు లోపలి పొర గీరుకుపోతుంది. గ్రేసీ క్యూరెట్ (ఒక్కో రకం పంటి వైపుకి ఒక్కో నంబరు ఉండే రకం) అయితే షాంక్, అంటే పిడికీ బ్లేడ్‌కీ మధ్య ఉండే కాడ, చివరి భాగం పంటి నిలువుకి సమాంతరంగా ఉందో లేదో చూడండి, అప్పుడు కోణం దానంతటదే కుదురుతుంది. దవడ పళ్ళకి ముందు వైపు 11/12 నంబరుది, వెనక వైపు 13/14 నంబరుది. కొడవలి ఆకారంలో ఉండే సికిల్ స్కేలర్ మొన కోసుగా ఉంటుంది, దాన్ని చిగురు లోతుకి పంపొద్దు.

మణికట్టు నొప్పికి కారణం నాకు తెలిసి రెండు. ఒకటి, ఉంగరపు వేలు పక్క పంటి మీద ఆనకపోవడం. రెండోది, పరికరాన్ని మొదటి నుంచి చివరి దాకా బిగించి పట్టుకోవడం. లాగే ఆ ఒక్క క్షణమే ఒత్తిడి పెట్టి వెంటనే పట్టు వదులు చేయండి. వేళ్ళతో లాగకుండా మణికట్టు, ముంజేయి కలిపి తిప్పండి. ఒక్కో లాగుడు ఒకటి రెండు మిల్లీమీటర్లు చాలు. గార అంచు పట్టుకుని ముక్క ముక్కగా విడగొట్టండి. పట్టు వదులుగా ఉంటేనే లోపల గరుకు, నునుపు వేళ్ళకి తెలుస్తాయి.

మెషీన్ వద్దని నేననను. గార మందంగా ఉంటే ముందు కంపనాలతో గార విడగొట్టే అల్ట్రాసోనిక్ మెషీన్‌తో తీసి, తర్వాత చేత్తో పూర్తి చేయడం నాకు అలవాటు. 2020లో కోవిడ్ అప్పుడు తుంపర్ల భయంతో మెషీన్ పక్కన పెట్టినప్పుడు మాత్రం చేతినే నమ్ముకున్నాం.

ఆ పెద్దాయన సంగతి చెప్పాలి. మేడమ్ పదును పెట్టిన స్కేలర్ నా చేతికే ఇచ్చి మళ్ళీ చేయమన్నారు. మూడో లాగుడుకి టిక్కుమని వేళ్ళకి తగిలి ఒక ముక్క ఊడింది. కట్టు కట్టే పలచటి గుడ్డ మీద పెడితే పసుప్పచ్చగా, ఒక పక్క పంటి ఒంపుతో సహా అచ్చు దిగి ఉంది. ఆయన నాలుకతో తడుముకుని, "సందులొచ్చాయేంటమ్మా, పళ్ళు ఊగుతాయా?" అని భయపడ్డారు. అద్దం ఇచ్చి, ఆ ముక్కని పక్కనే చూపించి, ఇన్నాళ్ళూ ఆ సందులో ఉన్నది ఇదేనని, కొన్నాళ్ళు చల్లటి నీళ్ళకి జివ్వుమంటుందని చెప్పాను. మీ పేషెంట్లకి కూడా ఈ మాట గార తీయక ముందే చెప్పండి.